పద్దుల్లోంచి పేర్లు

బాయి మీద పేరు, ఊళ్లో పేరు

కాసిపేటలో వయసు మళ్లిన గని కార్మికుణ్ణి పేరు అడిగితే, ఒక్కోసారి జవాబుకు బదులు ఎదురుప్రశ్న వస్తుంది. "ఏ పేరు జెప్పాలె బిడ్డా? ఊళ్లె పేరా, బాయి మీది పేరా?"

మంచిర్యాల జిల్లాలో, మందమర్రి ఏరియా కింద భూగర్భ గనులున్న ఊరు కాసిపేట. ఇక్కడివాళ్లు గనిని బాయి అనే అంటారు. దగ్గర్లోనే మందమర్రి, బెల్లంపల్లి. గోదావరి దాటితే రామగుండం, గోదావరిఖని. ఈ బొగ్గు ప్రాంతంలో ఎక్కడికి వెళ్లినా 'మారుపేర్ల కార్మికులు' అనే మాట విడమరిచి చెప్పక్కర్లేదు. ఒకరి పేరు మీద వచ్చిన పనిలో మరొకరు చేరారు. అన్న పేరుతో తమ్ముడు, మేనమామ పేరుతో మేనల్లుడు బాయి దిగారు. మస్టర్ ఆ పేరు మీదే పడింది, జీతం ఆ పేరు మీదే వచ్చింది. ఊళ్లో భూమి కాగితాల్లో, రేషన్ కార్డులో, పిల్లల బడి రికార్డుల్లో మాత్రం అసలు పేరే సాగింది. ముప్పై ఏళ్ల తర్వాత కొడుకు వారసత్వ ఉద్యోగం అడిగేనాటికి, కాగితాల మీద తండ్రులు ఇద్దరయ్యారు. ఆ ఇద్దరూ ఒక్కరేనని రుజువు చేయడానికి సర్టిఫికెట్లు, అఫిడవిట్లు, ఊరిపెద్దల సాక్ష్యాలు కావలసి వచ్చాయి.

రెండు కాగితాల మీది రెండు పేర్లు ఒకే మనిషివా, కాదా? కోల్‌బెల్టులో ఇది ఇంటింటి ప్రశ్న. అమెరికాలో బానిసల వారసులు నూట యాభై ఏళ్లుగా అడుగుతున్నదీ ఇదే. డర్బన్‌లో, మారిషస్‌లో, ఫిజీలో స్థిరపడిన తెలుగువాళ్ల మనవలు, మునిమనవలు అడుగుతున్నదీ ఇదే. గత నలభై యాభై ఏళ్లలో ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి కంప్యూటరు కొన్ని పనిముట్లు ఇచ్చింది. అవి ఎలా పనిచేస్తాయో, ఎక్కడ తప్పుతాయో, వాటితో మనకేం పనో ఈ అధ్యాయంలో చూద్దాం.

పేరు లేని జాబితా

అమెరికా జనాభా లెక్కల శాఖ 1850లోనూ, 1860లోనూ బానిసల కోసం విడిగా ఒక పట్టిక నింపింది. అందులో యజమాని పేరు పూర్తిగా ఉంటుంది. దాని కింద అతని సొత్తుగా ఉన్న మనుషులు ఒక్కొక్కరికి ఒక్కో వరుస: వయసు, ఆడా మగా, రంగు, పారిపోయారా, విడుదలయ్యారా, చెవుడు, గుడ్డితనం లాంటివి ఉన్నాయా. పేరు రాయడానికి గడి లేదు. "35, పురుషుడు, నలుపు" అన్నంతవరకే మనిషి. 1860 లెక్కల్లో ఇలా నమోదైనవారు 39,53,760 మంది. నల్లజాతివాళ్లందరి పేర్లూ దేశవ్యాప్తంగా మొదటిసారి నమోదైంది అంతర్యుద్ధం ముగిశాక, 1870 జనాభా లెక్కల్లో. తమ వంశం వెతుక్కునే ఆఫ్రికన్ అమెరికన్లు ఆ సంవత్సరాన్ని 'గోడ' అంటారు. అంతవరకు పేరు పట్టుకుని వెనక్కి వెళ్లొచ్చు. ఆపైన దారి మూసుకుపోతుంది.

ఆ పేరు లేని వరుసల్లో పత్తి, చెరకు తోటల కూలీలే కాదు, బొగ్గు తవ్వినవాళ్లూ ఉన్నారు. వర్జీనియా రాష్ట్రంలో రిచ్మండ్ నగరం పక్కన చెస్టర్‌ఫీల్డ్ గనుల్లో బానిసల చేత బొగ్గు తీయించేవారు. 1839లో అక్కడి బ్లాక్ హీత్ గనిలో వాయువు పేలి యాభై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది బానిసలే. గనిలో వాయువు పేలిందంటే లోపల ఏం జరుగుతుందో కాసిపేట పాఠకుడికి నేను చెప్పక్కర్లేదు.

బానిసత్వం గురించి మనకు దొరికే కాగితాల్లో ఎక్కువ భాగం యజమానులు, వ్యాపారులు, ఓడల కెప్టెన్లు, గుమస్తాలు రాసినవి. సరుకు లెక్క తప్పకుండా, పన్ను తప్పకుండా, పారిపోయినవాణ్ణి పట్టుకోవడానికి వీలుగా రాసుకున్నారు. ఆ కాగితాల్లోంచే మనుషుల్ని వెతికి బయటికి తీయాలి. కంప్యూటరు పని అక్కడ మొదలవుతుంది.

ఓడల లెక్క

ఆఫ్రికా నుంచి అమెరికా ఖండాలకు బానిసల్ని మోసిన ఓడల వివరాలు లండన్, లిస్బన్, నాంత్, రియో లాంటి రేవు పట్టణాల దస్త్రాల్లో చెల్లాచెదురుగా ఉండేవి. చరిత్రకారుడు డేవిడ్ ఎల్టిస్, ఆయన సహచరులు వాటిని ఒక పట్టికలోకి తెచ్చారు. 1999లో అది సీడీగా వచ్చింది. అప్పటికి అందులో 27 వేలకు పైగా ప్రయాణాలున్నాయి. 2008లో 'స్లేవ్ వాయేజెస్' పేరుతో ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచారు. ఇప్పుడు ఆ సంఖ్య సుమారు 36 వేలు.

ఒక్కో ప్రయాణం ఒక్కో వరుస. ఓడ పేరు, జెండా, కెప్టెన్, బయలుదేరిన రేవు, ఎక్కించుకున్నవారెందరు, దింపినవారెందరు, దారిలో ఎన్ని రోజులు, తిరుగుబాటు జరిగిందా అనేవి గడులు. ఒక కాగితంలో ఎక్కించినవారి సంఖ్య ఉంటుంది, దించినవారిది ఉండదు. ఇంకోదాంట్లో ఓడ టన్నులే ఉంటాయి. అలాంటప్పుడు అదే కాలంలో, అదే దారిలో, అదే సైజులో తిరిగిన ఓడల సగటును బట్టి ఖాళీ గడికి అంచనా కడతారు. కాగితంలో ఉన్న అంకె వేరు, అంచనా వేసిన అంకె వేరు అని పట్టికలో విడివిడిగా చూపిస్తారు. ఈ నిజాయితీ లేకపోతే డేటాబేసును నమ్మలేం.

ఇలా కూడగా వచ్చిన మొత్తం: ఓడ ఎక్కించినవారు సుమారు కోటి 25 లక్షలు, బతికి దిగినవారు సుమారు కోటి 7 లక్షలు. మధ్య తేడా 18 లక్షల ప్రాణాలు సముద్రంలో పోయాయి. ఇంకో సంగతి కూడా బయటపడింది. నేటి అమెరికా సంయుక్త రాష్ట్రాల నేల మీద ఆఫ్రికా నుంచి నేరుగా దిగినవారు 4 లక్షల లోపే. బ్రెజిల్, కరీబియన్ దీవులతో పోలిస్తే ఇది చాలా చిన్న సంఖ్య. 1860 నాటికి అమెరికాలో దాదాపు 40 లక్షల మంది బానిసలుండటానికి కారణం అక్కడే పుట్టి పెరిగిన తరాలు; తల్లి బానిసైతే బిడ్డా బానిసే అన్నది చట్టం. ఏ ఒక్క కాగితం చదివినా ఇది తెలిసేది కాదు. వేల కాగితాలు ఒకచోటికి చేరి, కూడికలు తీసివేతలు జరిగాకే తెలిసింది.

పేరు కోసం వెతుకులాట

ఓడల పట్టికలో సంఖ్యలున్నాయి కానీ మనుషుల పేర్లు దాదాపు లేవు. పేర్ల దారి వేరేచోట దొరికింది. 1984లో చరిత్రకారిణి గ్వెండొలిన్ మిడ్లో హాల్ లూసియానాలో పాయింట్ కూపీ అనే చోట కోర్టు భవనంలో పాత ఫ్రెంచి, స్పానిష్ దస్త్రాలు చూశారు. యజమాని చనిపోయినప్పుడు ఆస్తి పంపకానికి రాసిన జాబితాలవి. వాటిలో బానిసల పేర్లు, వయసు, చేతిపని, కొన్నిచోట్ల ఆఫ్రికాలో ఏ జాతివారో కూడా ఉంది. ఆమె పదిహేనేళ్లు ఆ పని మీదే కూర్చుని, లక్షమందికి పైగా బానిసల వివరాలు కంప్యూటరులోకి ఎక్కించి 2000లో విడుదల చేశారు.

1865లో విడుదలైన బానిసల సహాయం కోసం అమెరికా ప్రభుత్వం ఫ్రీడ్మెన్స్ బ్యూరో అనే శాఖ పెట్టింది. రేషన్, పెళ్లి నమోదు, కూలి ఒప్పందం, తప్పిపోయిన బిడ్డ కోసం అర్జీ, అన్నీ ఆ శాఖ దస్త్రాల్లో ఉన్నాయి. ఎవరూ చదవడానికి వీల్లేనంత పెద్ద కుప్ప. 2015, 2016 సంవత్సరాల్లో 25 వేలకు పైగా స్వచ్ఛంద కార్యకర్తలు ఇళ్లలో కూర్చుని, ఆ కాగితాల ఫొటోలను కంప్యూటరు తెరమీద చూస్తూ పేర్లు టైపు చేశారు. దాదాపు 18 లక్షల పేర్లు వెలికివచ్చాయి. 1870 గోడకు పడిన పెద్ద కన్నం ఇదే.

చేతిరాతను చదవడం యంత్రానికి ఇప్పుడు కొంత వచ్చింది. ట్రాన్స్‌క్రిబస్ లాంటి సాఫ్ట్‌వేర్‌కు ముందు మనిషి చదివి రాసిన కొన్ని పేజీలు చూపించాలి. పాత కాగితం రాసిన గుమస్తా 'ఎస్' ఎలా తిప్పుతాడో, 'ఆర్' ఎక్కడ విరుస్తాడో వాటినుంచి నేర్చుకుని, మిగతా పేజీలు తనే చదువుతుంది. తప్పులు చేస్తుంది; మనిషి దిద్దితే ఇంకా నేర్చుకుంటుంది. మన తహసీలు ఆఫీసులోకి కొత్తగా వచ్చిన ఉద్యోగి పాత పట్వారీ రాత నేర్చుకునే తీరే ఇది.

కాగితం అసలే లేనిచోట ఎముక మాట్లాడిన సందర్భం కూడా ఉంది. మేరీల్యాండ్‌లో కటాక్టిన్ ఇనుప కొలిమి దగ్గర బానిస కార్మికుల శ్మశానం ఒకటి బయటపడింది. అక్కడి 27 మంది డీఎన్ఏను పరిశోధకులు, జన్యుపరీక్షలు చేయించుకుని పరిశోధనకు ఒప్పుకున్న లక్షలాదిమంది డీఎన్ఏతో పోల్చారు. 2023లో 'సైన్స్' పత్రికలో ఫలితాలొచ్చాయి. ఆ 27 మందికి నేటి అమెరికాలో 41,799 మంది బంధువులున్నారు. చాలామందిది దూరపు చుట్టరికం, కొద్దిమందిది దగ్గరి రక్తం. ఇనుము కరిగించి, పేరు లేకుండా మట్టిలో కలిసినవారికి రెండు శతాబ్దాల తర్వాత ఇలా చుట్టాలు దొరికారు.

మద్రాసు రేవు నుంచి డర్బన్‌కు

ఇక మన కథలోకి వద్దాం. 1833లో బ్రిటిష్ పార్లమెంటు తమ వలస రాజ్యాల్లో బానిసత్వాన్ని రద్దు చేసింది. నష్టపరిహారంగా 2 కోట్ల పౌండ్లు ఇచ్చింది, బానిసలకు కాదు, యజమానులకు. చెరకు తోటలు మాత్రం అలాగే ఉన్నాయి, చేతులు కావాలి. ఆ చేతుల కోసం తోటల యజమానులు భారతదేశం వైపు చూశారు. 1834 నుంచి మారిషస్‌కు, తర్వాత కరీబియన్‌కు, దక్షిణాఫ్రికాలోని నాటల్‌కు, ఫిజీకి ఒప్పంద కూలీల్ని ఓడలెక్కించారు. 'అగ్రిమెంట్' అన్న ఇంగ్లీషు మాట కూలీల నోట 'గిర్మిట్' అయింది. కళింగాంధ్ర, గోదావరి తీరాల నుంచి వెళ్లినవారిని మారిషస్‌లోనూ, బర్మాలోనూ కోరంగి రేవు పేరు మీద 'కోరంగీలు' అన్నారు.

నాటల్‌కు మొదటి ఓడ 'ట్రూరో'. 1860 అక్టోబరులో మద్రాసు నుంచి బయలుదేరి, నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పట్నుంచి 1911 వరకు 1,52,184 మంది ఒప్పంద కూలీలు నాటల్‌లో దిగారు. మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు మీదుగా వెళ్లినవారే. తమిళులతో పాటు తెలుగువాళ్లు విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుంచి పెద్దసంఖ్యలో ఉన్నారు. ఒప్పందం ఐదేళ్లు. జీతం మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు, ఆపైన ఏటా ఒక షిల్లింగు పెంపు.

గిర్మిట్‌ను బానిసత్వమే అనవచ్చా? హ్యూ టింకర్ అనే చరిత్రకారుడు 1974లో తన పుస్తకానికి 'కొత్త తరహా బానిసత్వం' అనే అర్థం వచ్చే పేరే పెట్టాడు. తేడా మాత్రం ఉంది. అమెరికా బానిస జీవితాంతం సొత్తు, బిడ్డలూ సొత్తే. గిర్మిట్ కూలీకి గడువుంది, జీతముంది, కాగితం మీద హక్కులున్నాయి. కానీ చీటీ లేకుండా తోట దాటితే జైలు, పనికి రాకపోతే జీతంలో కోత. రెంటినీ ఒకే గాటన కట్టడం తప్పు. ఒకదాని నీడ రెండోదాని మీద పడలేదనడం అంతకన్నా పెద్ద తప్పు.

అమెరికా పట్టికకూ, నాటల్ ఓడల జాబితాకూ మధ్య ఒక గొప్ప తేడా ఉంది. నాటల్ జాబితాలో పేరుంది. ఒక వరుస ఎలా సాగుతుందో చూడండి. మొదట వలస ప్రభుత్వం ఇచ్చిన నంబరు. తర్వాత పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు. చివర ఒంటి మీది గుర్తులు: ఎడమ మోచేతి మీద మచ్చ, నుదుటి మీద గాయం, ఛాతీ మీద పుట్టుమచ్చ. పారిపోతే గుర్తుపట్టడానికి రాసుకున్న గుర్తులివి. అమెరికాలో పారిపోయిన బానిసల మీద యజమానులు పత్రికల్లో వేయించిన ప్రకటనల్లోనూ ఇలాంటి గుర్తులే ఉంటాయి. కార్నెల్ విశ్వవిద్యాలయం వాటిని 'ఫ్రీడమ్ ఆన్ ది మూవ్' పేరుతో సేకరిస్తోంది. పట్టుకోవడానికి రాసిన మచ్చే ఇవాళ ముత్తాత ఆనవాలు. ఆయన నుదుటి మీద గాయముండేదని మునిమనవరాలికి తెలిసింది ఆ ఒక్క గడి వల్లే.

ఈ జాబితాలను కంప్యూటరులోకి ఎక్కించి పరిశోధించినవారిలో సురేంద్ర భానా ముఖ్యుడు. 1860 నుంచి 1902 వరకు వచ్చిన కూలీల మీద ఆయన అధ్యయనం 1991లో పుస్తకంగా వెలువడింది. అంతకుముందే ఫిజీ విషయంలో బ్రిజ్ లాల్ ఇదే పని చేశాడు. ఆయన తాత స్వయంగా గిర్మిట్ కూలీ. కలకత్తా రేవు నుంచి ఫిజీ వెళ్లిన 45,439 మంది వలస పాసులను ఒక్కొక్కటీ చదివి, వివరాలను సంకేతాలుగా మార్చి కంప్యూటరుకు ఇచ్చాడు. 1983లో 'గిర్మిటియాస్' పుస్తకం వచ్చింది. 1903 నుంచి మద్రాసు మీదుగా ఫిజీ వెళ్లిన సుమారు 15 వేల మంది తెలుగు, తమిళ, మలయాళీల పాసులు కూడా ఫిజీ జాతీయ భాండాగారంలో ఉన్నాయి.

నాయుడు ఎక్కడ తప్పిపోయాడు?

ఓడ దగ్గర పేరు చెప్పింది తెలుగులో, విన్నది తమిళ దుబాసీ, రాసింది ఇంగ్లీషు గుమస్తా. 'అప్పలస్వామి' పదిమంది చేతుల్లో పది రకాలుగా మారాడు. మారిషస్‌లో 'అప్పడు' ఇంటిపేరై కూర్చుంది. 'నాయుడు' ఫిజీలో ఒక స్పెల్లింగు, డర్బన్‌లో ఇంకో స్పెల్లింగు.

యంత్రం ఈ చిక్కును ఎలా విప్పుతుంది? మొదటి పద్ధతి మార్పుల లెక్క. నాయుడును ఇంగ్లీషులో మన పద్ధతిలో రాస్తే ఐదు అక్షరాలు: ఎన్, ఏ, ఐ, డి, యు. డర్బన్ పద్ధతిలో ఆరు: ఎన్, ఏ, ఐ, డి, ఓ, ఓ. మొదటిదాన్ని రెండోదిగా మార్చాలంటే యు తీసి ఓ పెట్టాలి, ఇంకో ఓ చేర్చాలి. రెండు మార్పులు. కాబట్టి ఈ రెండు పేర్ల మధ్య దూరం 2. దూరం తక్కువైతే ఒకే పేరు కావచ్చు. రష్యన్ శాస్త్రవేత్త వ్లాదిమిర్ లెవెన్‌స్టైన్ 1965లో ప్రతిపాదించిన కొలత ఇది.

రెండో పద్ధతి ధ్వని సంకేతం. సౌండెక్స్ అంటారు. దీనికి అమెరికాలో 1918లోనే పేటెంటు ఇచ్చారు. మొదటి అక్షరం ఉంచి, అచ్చులు వదిలి, మిగతా హల్లులకు గుంపుల వారీగా అంకెలిస్తారు. నాయుడు ఎలా రాసినా సంకేతం ఎన్-300. బాగానే ఉంది. కానీ 'రాము', 'రామి' ఇద్దరికీ ఆర్-500. ఒకరు మగ, ఒకరు ఆడ. సంకేతం మాత్రం ఒకటే. ఇంగ్లీషు ఇంటిపేర్ల కోసం పుట్టిన పద్ధతి తెలుగు పేర్ల దగ్గర తడబడుతుంది. మన భాషలో అచ్చు మారితే మనిషే మారిపోతాడు.

అందుకే పేరు ఒక్కటే చాలదు. 1969లో ఐవాన్ ఫెల్లెగి, అలన్ సంటర్ అనే గణాంక శాస్త్రవేత్తలు దీనికి గణిత రూపమిచ్చారు. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, మచ్చ, ఒక్కోదాని పొంతనకు ఒక్కో బరువు. వేలమంది రాములున్నచోట 'రాము' కలిసిందంటే దానికి బరువు తక్కువ. మారుమూల పల్లె పేరు కలిసిందంటే బరువు ఎక్కువ. ఎడమ మోచేతి మచ్చ కూడా కలిస్తే ఇంకా ఎక్కువ. బరువులన్నీ కూడి ఒక గీత దాటితే ఒకే మనిషి అంటాం. బాగా తక్కువైతే కాదంటాం. మధ్యలో ఉంటే మనిషే కూర్చుని చూడాలి. మారుపేర్ల కేసులో ఊరిపెద్దలు చేసేదీ ఇదే. "పేరు వేరే గానీ, తండ్రి పేరు అదే, ఇల్లు అదే, కుడిచెయ్యి వేలు బాయిల తెగింది, అది మాకందరికీ తెలుసు" అంటారు. కొలతల పేర్లు చదవకపోయినా బరువులు వేయడం వాళ్లకు వచ్చు.

ఊరి పేరు దగ్గర ఇంకో గుంట ఉంది. డర్బన్ నుంచి ఒకామె తన ముత్తాతది చిత్తూరు జిల్లా అనుకుని వెతికితే, 1880 నాటి జాబితాలో ఆ జిల్లాయే కనిపించదు. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో; అంతకుముందు ఆ ప్రాంతంలో ఎక్కువ భాగం ఉత్తర ఆర్కాటు. శ్రీకాకుళం జిల్లా 1950లో పుట్టింది. అంతకుముందు అక్కడి ఊళ్లను గంజాంలో, విశాఖపట్నంలో వెతకాలి. మా కాసిపేటే 2016 దాకా ఆదిలాబాద్ జిల్లా, ఇప్పుడు మంచిర్యాల. కాబట్టి ఏ ఊరు ఏ సంవత్సరంలో ఏ జిల్లాలో, ఏ తాలూకాలో ఉండేదో చెప్పే ఊళ్ల సూచీ కావాలి. అది పాత పటాలతో జతకూడితేనే, వలసపోయినవారి ఊళ్లు పటం మీద చుక్కలుగా కనిపిస్తాయి. తెలుగు జిల్లాలకు అలాంటి సూచీ పూర్తిస్థాయిలో తయారు చేయడం మన విశ్వవిద్యాలయాలు ఎత్తుకోవలసిన పని.

ఒకే డైరీ, రెండు లెక్కలు

లెక్క ఎంత సరైనదైనా అడిగే ప్రశ్న తప్పైతే జవాబు మనల్ని దారి తప్పిస్తుంది. దీనికి ఒక ఉదాహరణను జీవితాంతం గుర్తుపెట్టుకోవాలి. రాబర్ట్ ఫోగెల్, స్టాన్లీ ఎంగర్‌మన్ అనే ఆర్థికవేత్తలు 1974లో కంప్యూటరు లెక్కలతో 'టైమ్ ఆన్ ది క్రాస్' అనే పుస్తకం రాశారు. లూసియానాలో బెనెట్ బ్యారో అనే తోట యజమాని తన డైరీలో ఏ బానిసను ఎప్పుడు కొరడాతో కొట్టించాడో రాసుకున్నాడు. రెండేళ్లలో 160 సార్లు. దాన్ని మనుషుల సంఖ్యతోనూ, ఏళ్లతోనూ భాగించి, ఒక్కొక్కరికి ఏడాదికి సగటున 0.7 దెబ్బల శిక్షలు అని వాళ్లు తేల్చారు. చదివితే పెద్దగా ఏమీ జరగనట్టే ఉంటుంది.

హెర్బర్ట్ గట్మన్ అనే చరిత్రకారుడు అదే 160ని రోజులతో భాగించాడు. ప్రతి 4.56 రోజులకు ఒకసారి ఆ తోటలో ఎవరో ఒకరి వీపు మీద కొరడా పడింది. తోటలో ఉన్న ప్రతి మనిషీ, ప్రతి పిల్లవాడూ దాన్ని చూశాడు, ఆ అరుపు విన్నాడు. కొరడా పని చేసేది దెబ్బ తిన్నవాడి మీద ఒక్కడి మీదే కాదు, చూసినవాళ్లందరి మీదా. మొదటి లెక్కలో ఈ భయానికి గడి లేదు. ఫోగెల్ తన పద్ధతులకు 1993లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆర్థిక చరిత్రకు ఆయన చేసిన సేవ గొప్పదే. ఈ ఒక్క సగటు విషయంలో మాత్రం గట్మన్ వైపే నేను నిలబడతాను. బొగ్గు ప్రాంతంలో పుట్టినవాడికి ఇది సులువుగా అర్థమవుతుంది. వెయ్యిమంది దిగే బాయిలో ఏడాదికి ఒక్క ప్రమాదం జరిగితే సగటు చాలా చిన్నది. ఆ రోజు సైరన్ మోగగానే గేటు దగ్గరికి పరుగెత్తే వెయ్యి ఇళ్లకు ఆ సగటుతో పని లేదు.

న్యూకాజిల్ బొగ్గు గనులు

నాటల్ జాబితాల్లోని మనుషులందరూ చెరకు తోటలకే పోలేదు. ఉత్తర నాటల్‌లో న్యూకాజిల్, డండీ పట్టణాల చుట్టూ బొగ్గు గనులున్నాయి. గిర్మిట్ కూలీలు అక్కడా బొగ్గు తవ్వారు. ఒప్పందం ముగిశాక తిరిగిపోకుండా నాటల్‌లో ఉండిపోతే ఏటా 3 పౌండ్ల పన్ను కట్టాలని 1895లో చట్టం వచ్చింది. పది, పన్నెండు షిల్లింగుల జీతగాడికి అది నెలల కష్టం. కట్టలేక మళ్లీ ఒప్పందం రాసినవారు ఎందరో.

1913 అక్టోబరులో న్యూకాజిల్ గని కార్మికులు ఆ పన్ను మీద సమ్మె కట్టారు. నవంబరు 6న గాంధీ వెంట పక్క రాష్ట్రమైన ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటారు. గాంధీ తర్వాత రాసిన లెక్క ప్రకారం 2,037 మంది మగవాళ్లు, 127 మంది ఆడవాళ్లు, 57 మంది పిల్లలు. ప్రభుత్వం వాళ్లను పట్టుకుని వెనక్కి తెచ్చింది. గని ఆవరణలనే జైళ్లుగా ప్రకటించి, గని ఉద్యోగులనే జైలు కాపలాదారులుగా నియమించి, వాళ్లను బలవంతంగా మళ్లీ గనిలోకి దించింది. అప్పటికే సమ్మె తీరప్రాంతపు చెరకు తోటలకు పాకింది. 1914లో పన్ను రద్దయింది.

2,037 అన్నది మళ్లీ ఒక అంకె. వాళ్లెవరు, ఏ ఊరివాళ్లు? ఓడల జాబితాలు, జైలు దస్త్రాలు, ఆనాటి పత్రికలు, మూడూ కలిపి చూస్తే ఆ అంకెలోంచి కొన్ని పేర్లైనా బయటికి వస్తాయి. వాటిలో గోదావరి, విశాఖ పల్లెల పేర్లు ఎన్ని ఉంటాయో ఊహించండి. సింగరేణి కంపెనీ పేరుతో 1920లో సంస్థ నమోదు కావడానికి ఏడేళ్ల ముందు, సముద్రం అవతల గని కార్మికులుగా హక్కు కోసం నడిచిన తెలుగువాళ్ల జాబితా అది. మన కార్మిక చరిత్రలో దానికి చోటివ్వాలి.

రిజిస్టరే లేని చోట

ఇన్ని పనిముట్లున్నా ఒక నిజం మిగిలిపోతుంది. రాయనిదాన్ని ఏ యంత్రమూ చదవలేదు. నిజాం కాలంలో తెలంగాణ పల్లెల్లో వెట్టిచాకిరీ తరాల తరబడి సాగింది. తీసుకున్న కొద్దిపాటి అప్పుకు తండ్రి, తండ్రి తర్వాత కొడుకు దొర పొలంలో భగేలాగా, అంటే అప్పుకు కట్టుబడ్డ కూలీగా, మగ్గారు. దేశమంతటికీ వెట్టి రద్దు చట్టం వచ్చింది 1976లో. దానికి ఎంతోకాలం ముందే సముద్రం దాటిన కూలీకి నంబరుంది, తండ్రి పేరుంది, మోచేతి మీద మచ్చ ఉంది. గడప దాటకుండా దొర గడీలో బతుకంతా ఊడ్చిన ఆడమనిషికి ఏ రిజిస్టరులోనూ ఒక వరుస లేదు. ఆమె ఉన్నది జ్ఞాపకంలో.

అమెరికా ఈ లోటును కొంత పూడ్చుకుంది. 1936 నుంచి 1938 దాకా ప్రభుత్వ పథకం కింద రచయితలు ఊరూరా తిరిగి, బానిసత్వంలో పుట్టి అప్పటికి ముసలివాళ్లైన 2,300 మందికి పైగా మాటలు రాసిపెట్టారు. తెల్లవాళ్ల ముందు కూర్చుని చెప్పిన మాటల్లో భయం, మొహమాటం ఉన్నాయని చరిత్రకారులు గుర్తుచేస్తారు; ఆ జాగ్రత్తతోనే చదవాలి. అయినా వాళ్ల గొంతులో వాళ్ల బతుకు అక్కడ దొరికింది. ఇంకో పదేళ్లు ఆలస్యమై ఉంటే ఆ ముసలివాళ్లలో చాలామంది మిగిలేవారు కాదు.

మన దగ్గర వెట్టిని కళ్లారా చూసినవారు చాలా తక్కువమంది మిగిలారు. తట్టతో బొగ్గు నింపిన ఫిల్లర్లు ఇంకా కొందరున్నారు. వాళ్ల ట్రంకు పెట్టెల్లో పాత జీతం చీటీలు, గుర్తింపు కార్డులు, యూనియన్ రసీదులు చెదలు పడుతున్నాయి. వాటిని కాపాడటానికి విశ్వవిద్యాలయం రానక్కర్లేదు. చేతిలోని ఫోను చాలు. వెలుతురున్నచోట కాగితం పరిచి, రెండు వైపులా ఫొటో తీయండి. ఫైలుకు తేదీ, ఊరు, బాయి పేరు పెట్టండి. తాతనో, నాయినమ్మనో కూర్చోబెట్టి గంటసేపు గొంతు రికార్డు చేయండి: ఏ ఊరినుంచి వచ్చారు, ఎవరి వెంట వచ్చారు, మొదటి రోజు బాయి దిగినప్పుడు ఎలా ఉంది. రికార్డు చేసే ముందు వాళ్ల అనుమతి అడగండి; ఏది బయటికి చెప్పొద్దంటే అది చెప్పకండి. ఆ ఫైళ్లు కనీసం రెండు చోట్ల దాచండి.

అన్నిటికన్నా ముందు ఒక కాగితం తీసుకుని, ఆయన ఊళ్లో పేరు, బాయి మీది పేరు రెండూ పక్కపక్కన రాసి, కింద మీ సంతకం, తేదీ పెట్టండి. రేపు వెతికేవాడికి ఏ యంత్రమూ ఇవ్వలేని జవాబు ఆ ఒక్క కాగితంలో ఉంటుంది.